చలికాలం హీట్ ప్యాడ్: ముందు ప్రోబ్ ఎక్కడుందో చూడండి

న్యూజెర్సీ, షికాగో వైపు చలి ముదిరేసరికి పొట్ట కాలిన పెంపుడు పాముల ఫోటోలు మళ్లీ మొదలయ్యాయి. తాజా ఫోటోలో ఒక బాల్ పైథాన్‌కి పొట్ట పొలుసులు జానెడు మేర గోధుమరంగుకి తిరిగాయి, అంచుల్లో బొబ్బలు. ఆ ట్యాంకు అడుగున అంటించిన హీట్ ప్యాడ్‌కి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉంది, చెడిపోలేదు కూడా. దాని ప్రోబ్ (వేడిని కొలిచే వైరు కొస) మాత్రం ఊడి ట్యాంకు వెనక వేలాడుతోంది.

థర్మోస్టాట్ కొనమని ఇక్కడ చెప్పబోవడం లేదు, అది అందరికీ తెలిసిందే. కొన్నాక జరిగే పొరపాటు ఇది. థర్మోస్టాట్‌కి పాము ఎక్కడ పడుకుందో తెలీదు, ప్రోబ్ తాకిన చోటి వేడి ఒక్కటే తెలుసు. ప్రోబ్ జారి 65 డిగ్రీల (ఇక్కడి లెక్కలన్నీ ఫారన్‌హీట్) గది గాలిలో పడిందనుకోండి. 90కి సెట్ చేసిన థర్మోస్టాట్ ఆ 90 కోసం ప్యాడ్‌ని రాత్రంతా ఆపకుండా నడుపుతుంది. కొన్ని ప్యాడ్ల మీద గాజు 120 దాటుతుంది. వేడెక్కితే పామే పక్కకి జరుగుతుందిలే అనుకోవద్దు. చల్లటి గదిలో వేడి దొరికే చోటు అదొక్కటే, పొట్ట కాలుతున్నా అక్కడే పడి ఉంటుంది.

ప్రోబ్ పెట్టాల్సిన చోటు: గాజు ట్యాంకైతే బయట అడుగున, ప్యాడ్‌కీ గాజుకీ మధ్య, ప్యాడ్ నడిమధ్యన. వైరుని ట్యాంకు అంచుకి రెండు చోట్ల అల్యూమినియం టేపుతో బిగించండి, ఎవరి కాలైనా తగిలితే ఆ లాగుడు ప్రోబ్ దాకా పోకూడదు. ట్యాంకు లోపల ఏ టేపూ వాడొద్దు. పాము దానికి అతుక్కుంటే విడదీసేటప్పుడు పొలుసులు ఊడివస్తాయి.

బయట 90 ఉంటే లోపలా 90 ఉండదు. నాలుగు గంటలు నడవనిచ్చి, సబ్‌స్ట్రేట్ (ట్యాంకు లోపల అడుగున పరిచే పొర) పక్కకి తీసి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో గాజునే కొలవండి. పైపైన కొలిస్తే లాభం లేదు, గెకో (పెంపుడు బల్లి) తవ్వుకుని గాజు దాకా వెళ్తుంది. లెపర్డ్ గెకోకి వేడి వైపు 90 చుట్టూ, చల్లటి వైపు 72 నుంచి 77. బాల్ పైథాన్‌కి 88 నుంచి 90, చల్లటి వైపు 76 నుంచి 80. లోపలి అంకె తప్పితే సెట్టింగు మార్చండి, ప్రోబ్‌ని కదపొద్దు. ట్యాంకు గోడకి అంటించే గుండ్రటి డయల్ థర్మామీటర్లని నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ప్యాడ్ నేలని వేడిచేస్తుంది, గాలిని కాదు. గది బాగా చల్లబడితే పైథాన్‌కి ప్యాడ్ ఒక్కటే చాలదు. అప్పుడు ప్యాడ్ పెంచకండి, పైన సిరామిక్ హీట్ ఎమిటర్ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే బల్బు లాంటిది) పెట్టండి, దానికి వేరే థర్మోస్టాట్‌తో. బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికీ, నేల తాబేలుకీ అసలు అడుగు వేడి పద్ధతే కాదు, వాటికి వేడి పైనుంచే రావాలి.

డిసెంబర్‌లో మూడు నాలుగు వారాలు ఇండియా వెళ్లేవాళ్లకి మరీ ముఖ్యం. ఇంటి హీటింగ్ 60కి తగ్గించి, గెకోని పక్కింటివాళ్లకి అప్పగించి వెళ్లిపోతారు. చూసేవాళ్లు తిండి, నీళ్లు చూస్తారు, ప్రోబ్ చూడరు. దాని ఫోటో తీసి ట్యాంకు మీద అంటించి వెళ్లండి. థర్మోస్టాట్ హీటింగ్ లైటు గంట దాటి ఆరకుండా వెలుగుతుంటే ముందు ప్రోబ్ చూడమని చెప్పండి.

ఇంకా:

ట్యాంకు తుడిచిన ప్రతిసారీ ప్రోబ్ చూడండి.

ట్యాంకు అంగుళం జరిపినా ప్రోబ్ చూడండి.

ప్యాడ్ అడుగుభాగంలో మూడో వంతు మించొద్దు. మొత్తం కప్పేస్తే పాముకో గెకోకో చల్లబడటానికి పోయే చోటుండదు.

ట్యాంకు కింద రబ్బరు కాళ్లు పెట్టండి. చెక్క బల్లకీ గాజుకీ మధ్య ప్యాడ్ నొక్కుకుపోతే గాజు పగలొచ్చు, బల్ల మాడొచ్చు.

ప్యాడ్ మీద సబ్‌స్ట్రేట్ అర అంగుళం మించొద్దు.

ఒకసారి అంటించిన ప్యాడ్ పీకి మళ్లీ అంటించొద్దు. లోపలి తీగ విరిగి ఒక్కచోటే కాలుతుంది.

నడుము నొప్పికి వాడే హీటింగ్ ప్యాడ్ వద్దు. కరెంటుతో వేడెక్కే రాళ్లు వద్దు.

ఆన్-ఆఫ్ థర్మోస్టాట్‌లో రిలే (కరెంటుని కలిపి తెంచే స్విచ్) అతుక్కుపోతే కరెంటు ఆగదు. ఊరు వెళ్లేముందు వరుసలో రెండో థర్మోస్టాట్ పెట్టండి, నాలుగు డిగ్రీలు ఎక్కువకి. రెండో ప్రోబ్ కూడా మొదటిదాని పక్కనే.

కరెంటు పోతే ట్యాంకుని దుప్పట్లతో చుట్టండి, గాలాడనివ్వండి. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టండి. కుంపటి, బార్బెక్యూ గదిలోకి తేవొద్దు, కార్బన్ మోనాక్సైడ్ మిమ్మల్నీ చంపుతుంది.

ఒళ్లు చల్లగా ఉన్న పాముకి తిండి పెట్టొద్దు, కక్కేస్తుంది.

కరెంటు వచ్చాక ప్లగ్ పెట్టేముందు, దుప్పట్లు తీసేటప్పుడు ఊడిందేమో, ప్రోబ్ చూడండి.

పొట్ట ఎర్రబడినా, గోధుమరంగుకి తిరిగినా పసుపు, టూత్‌పేస్టు, వెన్న ఏవీ రాయొద్దు. సబ్‌స్ట్రేట్ తీసి పేపర్ టవల్స్ పరిచి, అదే రోజు సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. కాలిన లోతు పూర్తిగా బయటపడటానికి రోజులు పడుతుంది, మర్నాడు చూద్దాం అనుకోవద్దు.