ఎంత–అంత వాక్యాలు ఇంగ్లీషులో ఎలా రాయాలి?

"ఎంత ప్రాక్టీస్ చేస్తే అంత బాగా మాట్లాడతావు" అనే మాటను మనవాళ్లు చాలామంది "హౌ మచ్ యూ ప్రాక్టీస్, దట్ మచ్ వెల్ యూ విల్ స్పీక్" అనేస్తారు. తెలుగులో పనంతా ఎంత, అంత అనే మాటలే చేస్తాయి, 'బాగా' ఉన్నచోటే ఉంటుంది. ఇంగ్లీషులో మారాల్సింది ఆ 'బాగా'యే. వెల్ కాస్తా బెటర్ కావాలి, తన సగం వాక్యం మొదటికి రావాలి, దాని ముందు 'ద' చేరాలి: "ద మోర్ యూ ప్రాక్టీస్, ద బెటర్ యూ స్పీక్."

చెయ్యి తిరిగేదాకా ముందు రెండు పొట్టి వాక్యాలు రాసుకోండి: "ఇట్ గెట్స్ హాట్. వీ డ్రింక్ మచ్ వాటర్." ఇప్పుడు హాట్‌ను హాటర్ చేయండి, మచ్‌ను మోర్ చేయండి. ఒక్కోదాన్నీ దాని వాక్యం మొదటికి తెచ్చి 'ద' తగిలించండి: "ద హాటర్ ఇట్ గెట్స్, ద మోర్ వాటర్ వీ డ్రింక్." మధ్యలో కామా చాలు. దెన్, అండ్, సో ఏవీ పెట్టకండి.

మోర్‌తో పాటు వాటర్ కూడా ముందుకొచ్చింది, గమనించారా? ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మోర్ ఏ మాటకు చెందుతుందో ఆ మాటను వెనక వదిలేయకూడదు. "ద మోర్ యూ హావ్ మనీ" కాదు, "ద మోర్ మనీ యూ హావ్". విశేషణానికీ ఇదే లెక్క: "ద మోర్ యూ ఆర్ కేర్‌ఫుల్" కాదు, "ద మోర్ కేర్‌ఫుల్ యూ ఆర్". "ద మోర్ యూ వరీ"లో మోర్ క్రియకు చెందింది కాబట్టి ఒంటరిగా నిలిచింది. లెక్కపెట్టగలిగేవాటికి ఫ్యూయర్ ("ద ఫ్యూయర్ మిస్టేక్స్"), లెక్కపెట్టలేనివాటికి లెస్ ("ద లెస్ టైమ్"). "మోర్ బెటర్", "మోర్ ఈజియర్" ఎక్కడా చెల్లవు.

రేపటి సంగతి చెబుతున్నా మొదటి సగంలో విల్ వద్దు. అది 'ఇఫ్' వాక్యంలాగే నడుస్తుంది: "ద హార్డర్ యూ వర్క్, ద మోర్ యూ విల్ ఎర్న్."

రెండో 'ద' ఎగిరిపోవడం కూడా మామూలే. ఇది ఆర్టికల్ కాదు. పాత ఇంగ్లీషులో 'అంత మేరకు' అనే అర్థమిచ్చిన విభక్తి రూపం నుంచి వచ్చింది. ఆర్టికల్ లాగా నామవాచకం కోసం చూడదు. రెండు సగాల్లోనూ ఉండి తీరాలి.

"ద హయ్యర్ ద ప్రైస్, ద లోయర్ ద డిమాండ్" లాంటి చోట ఈజ్ వదిలేయొచ్చు. కర్త సర్వనామమైతే ఆ వెసులుబాటు లేదు, "ద బిజియర్ షీ ఈజ్" అని పూర్తిగా రాయాల్సిందే. "ద సూనర్, ద బెటర్"లో మాత్రం కర్తా క్రియా రెండూ లేకపోయినా చెల్లుతుంది.

'రోజురోజుకూ వేడి పెరుగుతోంది' అనడానికి ఈ జంట పనికిరాదు. అక్కడ ఒకదాన్నిబట్టి ఇంకొకటి మారడం లేదు, ఒకటే పెరుగుతోంది. 'ద' తీసేసి "ఇట్ ఈజ్ గెట్టింగ్ హాటర్ అండ్ హాటర్" అనాలి. పొడుగు విశేషణమైతే మోర్‌ను మాత్రమే రెండుసార్లు చెప్పాలి: "మోర్ అండ్ మోర్ డిఫికల్ట్".