ఫ్లాటైరన్‌కి ఒంటరిగా వెళ్తున్నారా? దిగే సంగతి ముందు చూసుకోండి

అక్టోబర్ రాగానే అరిజోనాలో ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి కాలు ఇంట్లో నిలవదు. మే నుంచి ఏసీల్లో మగ్గినవాళ్ళం, పొద్దున కాస్త చల్లగాలి తగిలితే చాలు బూట్లు వెతుక్కుంటాం. వెళ్ళండి, వద్దనడం లేదు. కాకపోతే నేను చేసిన తప్పులు ముందు వినండి.

సూపర్‌స్టిషన్ కొండల్లో ఫ్లాటైరన్ అనే చదును శిఖరం ఉంది. అపాచీ జంక్షన్ పక్కన లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కులో కారు పెట్టి, సైఫన్ డ్రా ట్రైల్ మీదుగా ఎక్కాలి. రానూపోనూ సుమారు 6 మైళ్ళే. ఆ అంకె చూసే నేను మోసపోయాను. ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 2,700 అడుగులు. నునుపు రాతి గిన్నెలాంటి చోటు దాటాక సరైన బాట ఉండదు, చేతులూ కాళ్ళూ వాడి బండలెక్కడమే.

ఒక నవంబర్ శనివారం, ఫ్రెండ్ రానంటే ఒక్కణ్ణే బయల్దేరాను. ఎక్కడం మొదలుపెట్టేసరికి 11 అయింది. పైకి చేరేసరికి రెండున్నర. ఫొటోలు, వీడియో కాల్, పులిహోర. దిగేటప్పుడు ఒక పాయ బదులు ఇంకో పాయలోకి దిగిపోయాను. పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కొంత దూరం పోయాక కాళ్ళ కింద నేల లేదు, నిటారు గోడ. మళ్ళీ పైకి ఎక్కబోతే రాయి కదిలి చీలమండ మెలిక పడింది. అప్పటికి నాలుగున్నర. ఆ రోజుల్లో ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, లోయలో ఇంకా ముందే చీకటి. ఫోన్‌లో 9 శాతం చార్జింగ్, టార్చి కూడా అదే. పార్కింగ్ చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "911కి ఏమని చెప్పాలండీ? కొండకెళ్తున్నా అన్నారు. ఇక్కడ ఏ దిక్కు చూసినా కొండలే కదా!"

అందుకే మొదటి జాగ్రత్త టైమే. ఎన్నింటికి శిఖరం చేరాలన్నది కాదు, ఎక్కడున్నా సరే ఎన్నింటికి వెనక్కి తిరగాలన్నది ఇంట్లోనే రాసుకోండి. నవంబర్, డిసెంబర్‌లలో నాకైతే మధ్యాహ్నం ఒంటిగంట. శిఖరం ఇంకో పది నిమిషాల్లో ఉందనిపించినా తిరగాల్సిందే. దిగడానికి తక్కువ టైం పడుతుందనుకుంటాం కానీ, ఇలాంటి బండల మీద ఎక్కినంత సేపూ పడుతుంది. పైగా మోకాళ్ళు వణుకుతుంటాయి. ఎక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూడండి, వీలైతే ఫొటో తీయండి. దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ దృశ్యమే. తలకు పెట్టుకునే లైటు పగలు వెళ్ళినా సంచిలో ఉండాలి.

ఇక ఎండ. "మేం రెంటచింతల ఎండలు చూశాం, ఇదెంత?" అనేవాళ్ళు మనలో చాలామంది. నేనూ అన్నాను. విజయవాడ ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దవుతుంది, దాహం గుర్తొస్తుంది. ఇక్కడి పొడిగాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగానే ఉందనుకుంటూ లీటర్లకొద్దీ పోగొట్టుకుంటాం. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూశాక కానీ తెలియదు. క్యాలెండర్‌ని కూడా నమ్మొద్దు: 2024లో ఫీనిక్స్‌లో వరసగా 113 రోజులు 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు పైనే. అది ముగిశాక కూడా సెప్టెంబర్ 28న 117 నమోదైంది. 100 డిగ్రీలకు చేరితే ఫీనిక్స్ నగర ట్రైళ్ళ మీదకి కుక్కల్ని తీసుకెళ్ళకూడదు. మనుషుల విషయంలో మాత్రం, తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో కేమల్‌బ్యాక్ లాంటి కొన్ని కొండల్ని పగటిపూట మూసేస్తారు. మిగతా రోజుల్లో మన తెలివి మనదే.

నీళ్ళు చలికాలంలోనైనా మూడు లీటర్లకు తగ్గొద్దు. వేడి రోజైతే గంటకో లీటరు లెక్క. సగం అయిపోకముందే వెనక్కి తిరగాలి. ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాలు, జంతికలు, పల్లీ చిక్కీ పట్టుకెళ్ళండి. తలనొప్పి, కండరాలు పట్టేయడం, వికారం మొదలైతే నీడలో కూర్చోండి, ముందుకు పోవద్దు. వడదెబ్బ ముదిరితే మతి తప్పుతుంది. పక్కన మనిషి ఉంటే "ఏంట్రా, అలా మాట్లాడుతున్నావ్?" అంటాడు. ఒంటరిగా వెళ్ళినవాడికి ఆ మాట అనేవాళ్ళు ఉండరు.

చోయా ముళ్ళు నాకు ఆ చీకట్లో పరిచయమయ్యాయి. దూరం నుంచి మెత్తటి బొమ్మలా కనిపించే ఈ కాక్టస్ ముక్క పిక్కకు అంటుకుంది. చేత్తో లాగితే చేతికి అంటుకుంది! దువ్వెన పళ్ళు కిందకి పోనిచ్చి ఎగరేయాలి, మిగిలినవి పట్టకారుతో తీయాలి. బండలెక్కేటప్పుడు కంటికి కనపడని చోట చెయ్యి పెట్టొద్దు, అక్టోబర్‌లో కూడా గిలకపాములు (రాటిల్‌స్నేక్స్) తిరుగుతుంటాయి. కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, ఐస్ పెట్టడం ఏవీ వద్దు, కదలకుండా 911కి చేయాలి. తేనెటీగలు మీదకొస్తే చేతులు విసరకుండా, ముఖం కప్పుకుని, అడుగు చూసుకుంటూ అక్కడినుంచి దూరంగా పోవాలి.

ఫోన్‌ని ఎక్కేటప్పుడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, చిన్న పవర్ బ్యాంక్ ఉంచుకోండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా 911 కాల్ వేరే కంపెనీ టవర్ నుంచి వెళ్ళొచ్చు, ప్రయత్నించండి. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో శాటిలైట్ ద్వారా సాయం అడగొచ్చు కానీ, దానికి ఆకాశం బాగా కనిపించాలి, ఇరుకు లోయలో కష్టం. ఏదీ పనిచేయకపోతే ఈల. మూడుసార్లు ఊది ఆగడం ఆపదకు గుర్తు, అరుపు కన్నా దూరం పోతుంది, గొంతు ఎండదు. దారి తప్పానని తెలిశాక దిగుతూ పోవద్దు. తెలిసిన చోటికి తిరిగి వెళ్ళండి, అది కుదరకపోతే ఉన్నచోటే ఉండండి.

కారు దిగకముందు ఇంటికి పంపాల్సిన మెసేజ్ ఇప్పుడు నేను ఇలా పంపుతున్నాను:

"లాస్ట్ డచ్‌మన్ పార్క్, సైఫన్ డ్రా పార్కింగ్. తెల్ల కారు. ఫ్లాటైరన్, వెళ్ళిన దారినే దిగుతాను, వేరే దారి పట్టను. నీలం చొక్కా. ఒంటిగంటకి వెనక్కి తిరుగుతాను, నాలుగున్నరకి కారు దగ్గర ఉంటాను. ఆరు దాకా చూసి, ఫోన్ రాకపోతే 911కి చేసి ఇదంతా చదివేయి."

దిగాక "దిగాను" అని పంపడం మర్చిపోకండి. పోయినసారి నేను ఐదింటికే దిగి, హాయిగా టీ తాగుతూ కూర్చున్నాను. ఆరుకి ఒక్క నిమిషం ముందు మా ఆవిడే ఫోన్ చేసింది.