అమెరికాలో పనిచోట దెబ్బ తగిలితే దాచకండి

అమెరికాకు కొత్తగా వచ్చినవారికి మనవాళ్లు చాలా సంగతులు చెబుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఎలా తెచ్చుకోవాలో, డ్రైవింగ్ లైసెన్సుకు ఎక్కడికి వెళ్లాలో, ఏ కొట్లో కందిపప్పు చవకగా దొరుకుతుందో అన్నీ చెబుతారు. పనిచోట నడుము పట్టేస్తే, మరిగే నూనె చేతిమీద పడితే, సూది గుచ్చుకుంటే ఏం చేయాలో మాత్రం చెప్పేవారు అరుదు. అది జరిగిన రోజున ఉద్యోగ భయం, వీసా భయం, బిల్లు భయం మూడూ ఒక్కసారే చుట్టుముడతాయి. ఆ కంగారులో చాలామంది దెబ్బను దాచేస్తారు. దాచవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు. ఇక్కడి కార్మిక గణాంకాల సంస్థ ఏటా యాజమాన్యాల నుంచి వివరాలు సేకరిస్తుంది. 2023లో ఒక్క ప్రైవేటు రంగంలోనే, ప్రాణం పోయిన ఘటనలు కాకుండా, పని వల్ల వచ్చిన గాయాలు, జబ్బులు సుమారు 26 లక్షలు నమోదయ్యాయి. పూర్తికాలం పనిచేసే ప్రతి వందమందికి 2.4 చొప్పున అన్నమాట. మందు రాసి కట్టు కట్టి పంపేసే చిన్న దెబ్బలు ఈ లెక్కలోకి రావు. అంతకుమించి వైద్యం అవసరమైనవి, పని మానాల్సివచ్చినవి, తేలిక పనికి మార్చాల్సివచ్చినవి మాత్రమే వస్తాయి. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని ఇక్కడి పరిశోధకులు చాలాకాలంగా అంటున్నారు. 2009లో అమెరికా కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే ప్రభుత్వ సంస్థ కార్మికులకు వైద్యం చేసేవారిని విచారించింది. గాయాన్ని తక్కువ చేసి చూపేందుకు చాలీచాలని వైద్యంతో సరిపెట్టమన్న ఒత్తిడి తమకు ఎదురైందని వారిలో మూడో వంతుకు పైగా చెప్పారు. అంటే దాచే అలవాటు కొత్తవారికే కాదు, ఈ దేశంలో చాలాచోట్ల ఉంది.

పనిని బట్టి దెబ్బ

వందకు 2.4 అన్నది సగటు. వేర్‌హౌస్‌లు, రవాణా, ఆస్పత్రులు, వృద్ధుల సంరక్షణ కేంద్రాలు ఆ సగటుకు బాగా పైన ఉంటాయి. బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు చాలా కింద ఉంటాయి. మన కుటుంబాల్లో ఒకే ఇంట్లోనే ఈ రెండు కొసలూ కనిపిస్తాయి. కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుంటే, కోడలు ఆస్పత్రిలో రాత్రి షిఫ్టు చేస్తుంది, గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మ ప్యాకింగ్ పనికి వెళ్తుంది. ఇంట్లో ఎక్కువ ప్రమాదం అమ్మకూ, కోడలికీ. పనిచోటు గురించి ఎవరూ అడగనిది కూడా వారినే.

వేర్‌హౌస్ పనిలో ఒళ్లు హూనం చేసేది ఒక పెద్ద బరువు కాదు, ఒకే కదలికను వందలసార్లు చేయడం. పని మానాల్సివచ్చే గాయాలకు దేశమంతటా మొదటి కారణం కూడా ఒంటికి మించిన శ్రమే. బరువులెత్తే పనిపై ఇక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ నయోష్ వేసిన లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఎత్తదగిన బరువు 51 పౌండ్లు, అంటే సుమారు 23 కిలోలు. నేలమీద నుంచి ఎత్తినా, నడుము తిప్పి పక్కకు పెట్టినా, చేతులు చాచి పట్టుకున్నా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. ఇది చట్టం కాదు, సిఫార్సు. అయినా పెట్టె మీద రాసి ఉన్న బరువు చూసి ఎత్తడం, ఇంకొకరిని సాయం పిలవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. వేగం గురించి సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా, మీ వెన్నెముక మీతోనే ఇంటికి రావాలి.

హోటల్ వంటగదిలో కాలడం, కోసుకోవడం, తడి నేలమీద జారిపడడం రోజువారీ సంగతులు. కాలిన చోట పసుపు, టూత్‌పేస్టు, నెయ్యి రాయకండి. ఐస్ కూడా పెట్టకండి. కుళాయి కింద చల్లటి నీరు 10 నుంచి 20 నిమిషాలు ధారగా పోనివ్వాలి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయాలి. ముఖం, చేతులు, కీళ్ల దగ్గర కాలి బొబ్బలెక్కితే ఆ షిఫ్టు పూర్తయ్యేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మన తెలుగు హోటళ్లలో యజమాని మనవాడే కాబట్టి, 'అన్నా, పర్లేదు' అని సర్దుకుపోవడం ఎక్కువ. మంచితనం వేరు, బీమా వేరు. పని గాయాల బీమాకు ఆయన కట్టే ప్రీమియం ఇలాంటి రోజు కోసమే.

ఆస్పత్రిలో, క్లినిక్‌లో, డెంటల్ ఆఫీసులో పనిచేసేవారికి ఇంకో ప్రమాదం ఉంది. వాడిన సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి, ఆ నిమిషమే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు కొన్ని గంటల్లోపే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే వాటితో ప్రయోజనం ఉండదనే లెక్క. పరీక్షలు, మందులు అన్నీ యాజమాన్యమే ఉచితంగా చేయించాలని నిబంధన ఉంది. రక్తంతో పని ఉన్న ఉద్యోగంలో చేరితే హెపటైటిస్ బి టీకాను కూడా ఉచితంగా ఇవ్వాలి. రోగులను మంచం మీద నుంచి లేపడం, తిప్పడం నర్సుల నడుముకు సూదికన్నా పెద్ద శత్రువు. లిఫ్టు యంత్రం ఉంటే అది తెచ్చేదాకా ఆగండి. రోగి తొందరపడినా ఆగండి.

గ్యాస్ స్టేషన్లు, రాత్రంతా తెరిచి ఉండే దుకాణాల్లో దోపిడీ భయం నిజమైనది. ఎదురు తిరగవద్దు. గల్లాపెట్టెలో డబ్బు ఇచ్చేయండి. ఆ తర్వాత వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తలుపు చప్పుడుకే వణుకు పుట్టినా అదీ పనిచోట తగిలిన దెబ్బే. కొన్ని రాష్ట్రాలు దానికి కూడా పరిహారం ఇస్తాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు మణికట్టు తిమ్మిర్లు, మెడనొప్పి. ఇవి నెమ్మదిగా వస్తాయి కాబట్టి, ఎప్పుడు మొదలైందో, ఏ పని చేస్తే పెరుగుతోందో రాసుకోవడం తప్ప నేను చెప్పేది పెద్దగా లేదు.

మొదటి చలికాలం గురించి మాత్రం అందరికీ చెప్పాలి. పార్కింగ్ స్థలంలో తడిలా కనిపించే నల్లటి నేల చాలాసార్లు సన్నటి మంచుపొర. మన ఊరి చెప్పులు, నున్నటి అడుగున్న బూట్లు అక్కడ పనికిరావు. ఇంటి నుంచి ఆఫీసుకు వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి సాధారణంగా పరిహారం రాదు కానీ, కంపెనీ సొంత పార్కింగ్ స్థలంలో పడితే చాలా రాష్ట్రాల్లో వస్తుంది. పడిపోయినచోట ఫొటో తీసుకోండి.

ఖర్చు ఎవరిది

పని వల్ల గాయపడితే వైద్యం ఖర్చు, కొంత జీతం ఇచ్చే బీమాను వర్కర్స్ కాంపెన్సేషన్ అంటారు. 1911లో విస్కాన్సిన్‌తో మొదలై ఇప్పుడు దాదాపు దేశమంతటా ఉంది. తప్పు ఎవరిదన్నది ఇందులో సాధారణంగా చూడరు. మీరే తొందరలో కత్తి జార్చుకున్నా వర్తిస్తుంది. తాగి పనిచేయడం వంటివి మినహాయింపులు. జీతం పూర్తిగా రాదు, చాలా రాష్ట్రాల్లో వారపు సగటు జీతంలో మూడింట రెండు వంతులు, అదీ ఒక గరిష్ఠ పరిమితి వరకే. మొదటి కొద్ది రోజులకు సాధారణంగా జీతం రాదు. కాలిఫోర్నియాలో ఆ గడువు 3 రోజులు, న్యూయార్క్, టెక్సస్‌లలో 7 రోజులు.

ఇక్కడ చాలామంది చిక్కుకునే చోటు ఒకటుంది. అర్జెంట్ కేర్‌కు వెళ్లగానే అలవాటుగా సొంత ఆరోగ్య బీమా కార్డు తీసి ఇస్తారు. ఎలా తగిలిందని అడిగితే 'ఇంట్లో జారాను' అంటారు. పని గాయాలకు ఆ బీమా సాధారణంగా డబ్బు కట్టదు. పైగా 'ఇంట్లో' అన్న ఆ ఒక్క మాట వైద్య రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. నెల తర్వాత నొప్పి పెరిగి ఆపరేషన్ అవసరమైతే, ఆ గాయం పనిలో తగిలిందని నిరూపించడం చాలా కష్టం. అందుకే కౌంటర్ దగ్గరే 'ఇది పనిలో తగిలింది' అని చెప్పాలి.

అంతకన్నా ముందు మేనేజరుకు అదే రోజు రాతపూర్వకంగా తెలపాలి. నోటిమాట చాలదు. ఈమెయిల్ గానీ, మెసేజ్ గానీ పంపండి. తేదీ, సమయం, చోటు, ఏం చేస్తుండగా జరిగిందో, ఏ భాగానికి తగిలిందో, ఎవరు చూశారో నాలుగు వాక్యాల్లో చాలు. కంపెనీ ఈమెయిల్ నుంచి పంపితే ఒక కాపీ సొంత చిరునామాకు వెళ్లేలా చూసుకోండి, ఉద్యోగం పోతే ఆ పెట్టె మూసుకుపోతుంది. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్, జార్జియాలలో యాజమాన్యానికి తెలపడానికి 30 రోజుల గడువు ఉంది, ఇలినాయిలో 45. గడువు ఉంది కదా అని ఆగకండి. ఆలస్యమైన ప్రతిరోజూ అనుమానానికి తావిస్తుంది. కాలిఫోర్నియాలో మీరు చెప్పిన తర్వాత ఒక పనిదినంలోపు యాజమాన్యం మీకు క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. డాక్టరును ఎవరు ఎంచుకోవాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. జార్జియాలో డాక్టర్ల పట్టికను పనిచోట గోడకు పెడతారు, న్యూజెర్సీలో ఆ ఎంపిక యాజమాన్యానిది.

డాలస్, హ్యూస్టన్‌లకు వచ్చేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకు ఈ బీమా తప్పనిసరి కాదు. లేకపోతే లేదని ఉద్యోగులకు చెప్పాలి. చేరిన రోజు ఇచ్చే కాగితాల్లో ఆ వాక్యం కోసం వెతకండి. బీమా లేని యజమాని నిర్లక్ష్యం వల్ల గాయపడితే కోర్టుకు వెళ్లే హక్కు మాత్రం అక్కడ ఉంటుంది.

జీతం 1099 అనే పన్ను ఫారం కింద ఇస్తామంటే కూడా ఆగి ఆలోచించండి. అలా తీసుకునేవారిని స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూస్తారు, ఈ బీమా సాధారణంగా వర్తించదు. క్లయింటు ఆఫీసులో పనిచేసే కన్సల్టెన్సీ ఉద్యోగులు మాత్రం జీతమిచ్చే కంపెనీకే మొదట తెలపాలి, ఆ తర్వాత క్లయింటు దగ్గరి మేనేజరుకు.

విద్యార్థులకు

అనుమతి లేకుండా బయట పనిచేయడం ఎఫ్-1 హోదాకే ముప్పు. అలా చేయమని నేను చెప్పను. అయినా ఏదో ఒక దుకాణంలో, హోటల్లో గాయపడి, గదిలో పెయిన్‌కిల్లర్లు మింగుతూ పడుకున్న పిల్లలు ఉన్నారని మనకందరికీ తెలుసు. ఆ పిల్లలకే ఈ మాట. ముందు వైద్యం. 1986 నాటి చట్టం ప్రకారం, వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమాను తీసుకునే ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, డబ్బు ఉన్నా లేకున్నా, పరీక్ష చేసి ప్రాణాపాయం లేని స్థితికి తేవాలి. పనిచోట భద్రత చట్టం వలస హోదా చూడదు. చాలా రాష్ట్రాల పరిహార చట్టాలు కూడా చూడవు. అయితే క్లెయిమ్ వేస్తే ఆ పని రికార్డుకెక్కుతుంది కాబట్టి, సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు న్యాయసలహా ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో దొరుకుతుంది. క్యాంపస్‌లో అనుమతితో చేసే పనిలో దెబ్బ తగిలితే ఇంత సందిగ్ధం అక్కర్లేదు, సూపర్‌వైజరుకు వెంటనే చెప్పండి.

ఫిర్యాదు చేస్తే

గాయం గురించి చెప్పినందుకు ఉద్యోగం తీసేయడం, గంటలు తగ్గించడం చట్టవిరుద్ధం. అలా జరిగితే పనిచోట భద్రతను చూసే కేంద్ర సంస్థ ఓషాకు 30 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. ఈ గడువు చాలా చిన్నది, గుర్తుపెట్టుకోండి. ఓషా నంబరు 1-800-321-6742. కాలిఫోర్నియా, మిషిగన్, నార్త్ కరోలినా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలకు సొంత భద్రతా సంస్థలున్నాయి. ప్రమాదకరమైన పనికి మీకు అర్థమయ్యే భాషలో శిక్షణ ఇవ్వాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, హెల్మెట్ వంటివి చాలావరకు యాజమాన్యమే కొనివ్వాలి, వాటి డబ్బు జీతంలో కోస్తే ప్రశ్నించవచ్చు.

పదిమందికి మించి పనిచేసే చాలా సంస్థలు ఏటా ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా 300ఎ అనే కాగితాన్ని గోడకు అంటించాలి. కిందటేడు అక్కడ ఎందరికి గాయాలయ్యాయో, ఎన్ని పనిరోజులు పోయాయో అందులో ఉంటుంది. విరామ గదిలో టీ తాగేటప్పుడు చదవండి. మీరు చేరిన చోటు ఎలాంటిదో ఇంటర్వ్యూలో చెప్పిన మాటలకన్నా అదే బాగా చెబుతుంది.

ఇంగ్లీషు అంతగా రాని అమ్మానాన్నలు ఆస్పత్రికి వెళ్తే పిల్లలను దుభాషిగా పెట్టుకోకండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఉచితంగా దుభాషిని ఇవ్వాలి, తెలుగు దుభాషి ఫోన్లో దొరుకుతారు, అడిగితే చాలు. పోటుగా ఉందా, మంటగా ఉందా, తిమ్మిరి కాలిదాకా దిగుతోందా అన్నది డాక్టరుకు సరిగ్గా చేరాలి. నరం నలిగిందా, కండరం పట్టిందా అన్న నిర్ణయం చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు, ఎంత బరువు ఎత్తవచ్చో, ఎన్ని గంటలు నిలబడవచ్చో రాసిన కాగితం అడిగి తీసుకోండి. దాన్ని మేనేజరుకు ఇచ్చేముందు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.