గులకరాళ్ల పొరలు చూసి పాత డెల్టాను గుర్తుపట్టడం ఎలా

భూపాలపల్లి, మంచిర్యాల వైపు రోడ్డు కోసం గుట్ట కోసిన చోట ఇసుకరాయిలో గులకరాళ్ల పొరలు కనబడితే బండి పక్కకు ఆపండి. ఓపెన్‌కాస్ట్ గనుల్లోకి మాత్రం పర్మిషన్ లేకుండా పోవద్దు.

ముందు రాళ్లు చూడండి. పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి ఫోటో తీస్తే సైజు తెలుస్తుంది. అంచులు పదునుగా, చిన్నాపెద్దా కలగలిసి ఉంటే అవి పుట్టిన కొండ దగ్గర్లోనే ఉండేదన్నమాట, అదే నున్నగా గుండ్రంగా పలుగురాళ్లే మిగిలాయంటే చాలా దూరం దొర్లి ఉంటాయి, మెత్తటివి దారిలోనే అరిగిపోయుంటాయి. చదును రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటే ఇంకా మంచిది: అవి ఏ దిక్కుకు దిగుతున్నాయో నీళ్లు ఆ దిక్కు నుంచే వచ్చాయి.

ఇక డెల్టానా, ఉత్త నదా? పైన చదును పొరలు, మధ్యలో ఇరవై ముప్పై డిగ్రీల ఏటవాలు పొరలు, అడుగున మళ్లీ చదునుగా సన్నటి మట్టి ఉంటే నిలిచిన నీళ్లలోకి నది గులకరాళ్లు కుమ్మరించినట్టు. అమెరికాలో ఎండిపోయిన బోన్విల్ సరస్సు గట్ల మీద భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్ 1880లలోనే ఈ అమరికను వివరించాడు. వాలు పొరల ఎత్తు అప్పటి నీటి లోతుకు ఉజ్జాయింపు కొలత. కోణం ఫోన్ యాప్‌తో కొలవచ్చు, కాకపోతే మొత్తం గుట్టే తర్వాత ఒరిగి ఉంటే ఆ ఒరుగును తీసేయాలి. మన దగ్గర ఎక్కువగా నది ఒండ్రే, అందుకని ఏటవాలు కనబడగానే డెల్టా అనేయకండి.

అసలు చిక్కు ఈ గులకరాళ్లు పేరుకోవడం ఫాల్ట్ (నేల పగిలి ఒక పక్క జారిన చీలిక) పనా, వాతావరణం పనా అన్నదే. ప్రాణహిత-గోదావరి లోయ ఫాల్టుల వెంట దిగబడిన నేల. నేల దిగుతూ పోతే పొరలు ఫాల్ట్ వైపు మందమవుతాయి. గ్రీసులో కోరింత్ సింధుశాఖ పక్కన గులకరాళ్ల డెల్టాలు వందల మీటర్ల మందం చేరింది అందుకే. వాతావరణం మారితే ఆ గుర్తు లోయ రెండు పక్కలా పడుతుంది. ఈ లోయలో తాల్చీర్ అనే అడుగు పొరల్లో మంచు ఈడ్చుకొచ్చిన బండలు, వాటి పైన సింగరేణి బొగ్గు, ఇంకా పైన మలేరి అనే పొరల ఎర్రమట్టిలో సున్నపు గడ్డలు: చలి, తడి, తర్వాత ఎండాకాలాలున్న పొడి. సన్నటి మట్టి మీద ఒక్కసారిగా గులకరాళ్లు వస్తే మాత్రం రెండింటిలో ఏదైనా కావచ్చు, ఒక్క గుట్ట చూసి తేల్చేసేవాళ్లను నేనైతే నమ్మను. అదే పొరను లోయ అవతలి అంచున కూడా వెతికి, మందం కొలిచి, అప్పుడు చెప్పండి.