ఆన్‌లైన్ షాపులో జీఎస్టీ తప్పుగా పడుతోందా? ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

మా బాపు ఇప్పటికీ దీన్ని సేల్స్ టాక్స్ అనే అంటాడు. వరంగల్ కొత్తవాడలో మాది దర్రీల (నేత జంపఖానాల) కొట్టు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చాక బయటి రాష్ట్రాల వాళ్లు పేరు పెట్టి అడగడం మొదలైంది. అందుకని వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ అనే ఆన్‌లైన్ షాపు సాఫ్ట్‌వేర్ పెట్టి వెబ్‌సైట్ తెరిచాను. తర్వాత మా పిన్ని చేసే సకినాలు, మిరప్పొడి కూడా అందులో చేరాయి. పన్ను విషయంలో చేయగలిగిన తప్పులన్నీ దాదాపు చేశాను. కింద ఉన్నవి చాలావరకు అవే.

రేట్లు మార్చే ముందు రెండు దొంగ ఆర్డర్లు పెట్టి చూడండి. ఒకటి హన్మకొండ అడ్రస్‌కు, ఇంకొకటి సిరొంచకు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచే, కానీ అది మహారాష్ట్ర. మొదటి ఆర్డర్ మన రాష్ట్రంలోదే కాబట్టి సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని రెండు లైన్లు రావాలి. రెండోదాంట్లో ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ) ఒక్కటే ఉండాలి. మొత్తం పన్ను మాత్రం రెండింట్లోనూ ఒకటే. ఇది కుదిరితే సగం టెన్షన్ పోయినట్టే.

హన్మకొండ ఆర్డర్‌కు 5 బదులు 10 శాతం పడుతోంది

వూకామర్స్ టాక్స్ సెట్టింగ్స్‌లోని రేట్ల పట్టికలో ప్రయారిటీ అని ఒక గడి ఉంటుంది. ఒక్కో ప్రయారిటీ నంబరు నుంచి ఒక్క రేటునే సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. నేను వరుసగా సీజీఎస్టీకి 1, ఎస్‌జీఎస్టీకి 2, ఐజీఎస్టీకి 3 ఇచ్చాను. ఐజీఎస్టీ లైన్‌లో రాష్ట్రం గడి ఖాళీ, అంటే దేశమంతటికీ వర్తిస్తుంది. తెలంగాణ కూడా దేశంలోదే కదా! రెండున్నర, రెండున్నర, ఆ పైన మళ్లీ ఐదు.

ఐజీఎస్టీకి కూడా ప్రయారిటీ 1 ఇవ్వండి. అప్పుడు తెలంగాణ కస్టమర్‌కు, రాష్ట్రం పేరు ఉన్న సీజీఎస్టీ లైన్ ముందు దొరుకుతుంది, అదే నంబరులో ఉన్న ఐజీఎస్టీని వదిలేస్తుంది. బయటివాళ్లకు ఐజీఎస్టీ ఒక్కటే మిగులుతుంది.

తెలంగాణ ఆర్డర్‌కు కూడా ఐజీఎస్టీయే వస్తోంది

రాష్ట్రం గడిలో 36 అని రాశారేమో చూడండి. జీఎస్టీ నంబరు మొదట్లో వచ్చే తెలంగాణ కోడ్ అదే కాబట్టి చేయి అటే పోతుంది. కానీ ఈ పట్టికకు కావాల్సింది అంకె కాదు, రెండు ఇంగ్లిష్ అక్షరాల కోడ్. బండి నంబరు ప్లేటు మీది అక్షరాలు కూడా కొలమానం కాదు, అవి 2024లో మారాయి. సాఫ్ట్‌వేర్ సొంత రాష్ట్రాల జాబితాలో తెలంగాణకు ఏ కోడ్ ఉందో అదే రాయాలి. కోడ్ కలవకపోతే ఆ రెండు లైన్లూ లేనట్టే లెక్క, ఖాళీ గడి ఉన్న ఐజీఎస్టీ వచ్చి కూర్చుంటుంది.

ఇలా తప్పు ఖాతాలో పన్ను కట్టేసి ఉంటే, సరైన ఖాతాలో మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని రీఫండ్ అడగాలి. సీజీఎస్టీ చట్టంలో 77వ సెక్షన్, ఐజీఎస్టీ చట్టంలో 19వ సెక్షన్ ఇందుకే ఉన్నాయి. ఆలస్యానికి వడ్డీ పడదు. కానీ ఆ రీఫండ్ వచ్చేదాకా మన డబ్బు ఇరుక్కుంటుంది.

బయటి రాష్ట్రం వాళ్లకు ధర తక్కువగా కనిపిస్తోంది

ఇది నాకు రెండు నెలలు దొరకలేదు. 2,100 రూపాయల దర్రీని నాగ్‌పూర్ ఆవిడ 2,000కే కొన్నది. కూపన్ ఏదో వాడిందనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, మా ధరలు పన్నుతో కలిపి పెట్టినవి. కస్టమర్ వేరే రాష్ట్రమని తెలియగానే సాఫ్ట్‌వేర్ ముందు మన ఊరి పన్ను 100 తీసేస్తుంది, తర్వాత ఆ రాష్ట్రం పన్ను కలుపుతుంది. ఐజీఎస్టీ లైన్ పెట్టకపోతే కలపడానికి ఏమీ లేదు, 2,000 దగ్గరే ఆగిపోతుంది. కానీ ప్రభుత్వానికి పన్ను మనం కట్టాల్సిందే. ఐజీఎస్టీ లైన్ ఒక్కటి చేర్చగానే సరిపోయింది.

డబ్బు కట్టేది బెంగళూరు కొడుకు, పార్శిల్ వెళ్లేది హన్మకొండ తల్లికి

మాకు పండగలప్పుడు సగం ఆర్డర్లు ఇలాంటివే. బిల్లింగ్ అడ్రస్ కర్ణాటక, డెలివరీ అడ్రస్ తెలంగాణ. జీఎస్టీ నంబరు లేని కస్టమర్ అయితే డెలివరీ అడ్రస్సే లెక్కలోకి వస్తుందని 2024 జూన్ 26న వచ్చిన సర్క్యులర్ తేల్చింది. అంటే ఇక్కడ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. టాక్స్ సెట్టింగ్స్‌లో పన్ను దేని ఆధారంగా లెక్కించాలి అన్నచోట కస్టమర్ షిప్పింగ్ అడ్రస్ ఎంచుకోండి. అక్కడ షాపు అడ్రస్ ఉంటే అందరికీ తెలంగాణ పన్నే పడుతుంది.

జీఎస్టీ నంబరు ఇచ్చి కొనే వ్యాపారి సంగతి వేరు. సరుకు ఇంకెవరికో పంపమన్నా, బిల్లు ఎవరి పేరున ఉందో ఆ వ్యాపారి రాష్ట్రాన్నే చూడాలి. అలాంటివి నెలకు మూడో నాలుగో వస్తాయి, నేను చేత్తోనే సరిచేస్తాను.

ఇంకో చిక్కు, కస్టమర్ రాష్ట్రాన్ని తప్పుగా ఎంచుకోవడం. సిరొంచ నుంచి ఒకాయన ఫోన్‌లో తెలుగులోనే మాట్లాడాడు, ఫారంలో తెలంగాణ అనే పెట్టాడు. పిన్ 44తో మొదలైతే అది మహారాష్ట్ర. తెలంగాణ పిన్‌లు 50తో మొదలవుతాయి. కానీ దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. చింతూరు, కూనవరం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, అక్కడి పిన్‌లు మాత్రం ఇంకా 507తోనే ఉన్నాయి. ఆ ఆర్డర్లకు ఐజీఎస్టీ పడాలి.

చెక్అవుట్‌లో ధర పెరిగి కస్టమర్ వెళ్లిపోతున్నాడు

ధరలు పన్ను కలిపి రాసి, సెట్టింగ్‌లో మాత్రం పన్ను లేకుండా రాసినట్టు పెట్టారు. దర్రీ విషయంలో కస్టమర్‌కు కోపం వస్తుంది, అంతే. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఉన్న మిరప్పొడికి అలా చేస్తే చట్టరీత్యా తప్పు, ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. సెట్టింగ్ మార్చాక లెక్క ఒకసారి చూసుకోండి. 1,050 రూపాయల ధరలో 5 శాతం పన్ను అంటే 50, 52.50 కాదు.

99 రూపాయల ప్యాకెట్‌కు సీజీఎస్టీ 2.36, ఎస్‌జీఎస్టీ 2.36, కలిపి 4.72 వచ్చి, అదే ఐజీఎస్టీ అయితే 4.71 వస్తే కంగారు పడకండి. సగం చేసి రౌండ్ చేసినప్పుడు వచ్చే పైసా తేడా అది.

కొరియర్ చార్జీ మీద పన్ను పడట్లేదు

కస్టమర్ దగ్గర వసూలు చేసే కొరియర్ చార్జీ కూడా సరుకు విలువలో భాగమే, సరుకుకు ఉన్న రేటే దానికీ వర్తిస్తుంది. రేట్ల పట్టికలో ప్రతి లైన్ చివర షిప్పింగ్ టిక్కు ఉందో లేదో చూడండి. షిప్పింగ్ టాక్స్ క్లాస్‌ను (టాక్స్ క్లాస్ అంటే ఒకే రేటు పడే వస్తువుల గుంపు) కార్ట్‌లోని వస్తువులను బట్టి అని పెట్టండి.

రేటే తప్పు

2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం శ్లాబు పోయింది. పాత రేట్ల పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలు అప్‌లోడ్ చేసిన షాపుల్లో సకినాలకు, పచ్చళ్లకు ఇంకా 12 ఉంటోంది, ఇప్పుడు అవి 5. చేనేత దర్రీలు, మిరప్పొడి, ఎండు పసుపు 5లోనే ఉన్నాయి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల పని) పెట్టుకుంటే 3 శాతానికి వేరే టాక్స్ క్లాస్ చేసుకోవాలి. దుప్పట్లు, కుట్టిన బట్టల దగ్గర జాగ్రత్త. ఒక్కోటి 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18. ధరను బట్టి సాఫ్ట్‌వేర్ తనంతట తాను రేటు మార్చదు. ధర పెంచినప్పుడు క్లాస్ కూడా మనమే మార్చాలి. చీర మాత్రం ఎంత ఖరీదైనా 5 శాతమే.

మార్కెట్‌ప్లేస్ నుంచి వచ్చే డబ్బులో కోత

అది టీసీఎస్, అంటే మన అమ్మకం మీద మార్కెట్‌ప్లేస్ ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. 2024 జులై 10 నుంచి 0.5 శాతం. పోయిన డబ్బు కాదు. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ పేజీకి వెళ్లి ఒప్పుకుంటే మన క్యాష్ లెడ్జర్‌లోకి (జీఎస్టీ పోర్టల్‌లో పన్ను కట్టడానికి వాడుకునే ఖాతా) వస్తుంది. సొంత వెబ్‌సైట్‌లో మన సరుకు మనమే అమ్ముకుంటే ఇది ఉండదు.

అసలు పన్ను వసూలు చేయొచ్చా?

జీఎస్టీ నంబరు లేకుండా వసూలు చేయకూడదు. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం తామే కట్టేది) ఉన్నవాళ్లు కూడా కస్టమర్ దగ్గర పన్ను తీసుకోకూడదు, వేరే రాష్ట్రాలకు అమ్మకూడదు. అలాంటి షాపులో టాక్స్ ఆప్షన్ పూర్తిగా ఆపేయడమే పరిష్కారం. సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వీడియోల్లో చెప్తారు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. వేరే రాష్ట్రానికి సరుకు పంపితే పరిమితితో పనిలేకుండా రిజిస్ట్రేషన్ కావాలి, కొన్ని చేతివృత్తుల వస్తువులకు మాత్రం మినహాయింపు ఉంది.

అన్నీ మార్చినా పాత ఆర్డర్‌లో పాత పన్నే ఉంది

ఉంటుంది. కొత్త సెట్టింగ్ కొత్త ఆర్డర్లకే. పాత ఆర్డర్ తెరిచి రీకాలిక్యులేట్ నొక్కితే మారుతుంది, కానీ ఇన్‌వాయిస్ ఇచ్చి పార్శిల్ పంపేసిన ఆర్డర్ మీద ఆ బటన్ ముట్టుకోవద్దు. పన్ను ఎక్కువ వసూలైతే క్రెడిట్ నోట్ (బిల్లు తగ్గించే పత్రం), తక్కువైతే డెబిట్ నోట్ (బిల్లు పెంచే పత్రం) ఇవ్వాలి.