తాబేళ్ల నడకకు వెళ్లే ముందు

చెన్నైలో నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వైపు ఇసుకలో రాత్రి నడక. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. తాబేళ్లను కాపాడే వాలంటీర్లతోనే వెళ్లండి, సొంతంగా వద్దు.

• ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. సముద్రం అల్లకల్లోలంగా ఉందంటే ఆ రాత్రికి మానేయండి.

• టార్చ్, ఫోన్ ఫ్లాష్ వెలిగించొద్దు. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపే పాకుతాయి. ఒకప్పుడు ఆ వెలుగు సముద్రానిది, ఇప్పుడు వీధి దీపాలది. సెల్ఫీ తప్పదనుకునేవాళ్లు ఇంట్లోనే ఉండండి, ఏమీ అనుకోవద్దు!

• చెప్పులు వేసుకోండి, గాజు పెంకులుంటాయి.

• గుడ్లు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేళ్లు మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి.

• చచ్చిన తాబేలు కనిపించవచ్చు. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి. 2025 జనవరిలో ఈ తీరానికి వందల్లో కొట్టుకొచ్చాయి. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి. ట్రాలర్ (వలను నీళ్లలో ఈడ్చుకెళ్లే మర పడవ) వలలో చిక్కితే రాలేదు, మునిగి చస్తుంది. కళేబరాన్ని కదపకుండా, ఎక్కడుందో వాలంటీర్లకు చెప్పండి.

• నీళ్లు స్టీలు సీసాలో.