ఒడిశాలోని పర్లాకిమిడి వైపు కాలేజీ లైబ్రరీల్లో స్టాక్ వెరిఫికేషన్‌కి ముందు జాగ్రత్తలు

సెలవుల్లో పుస్తకాల లెక్క మొదలుపెట్టే రిఫరెన్స్ సిబ్బంది ముందుగా ఇవి చూసుకోండి.

లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహా డేటాబేస్ బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్‌లో పెట్టాకే స్కానర్ పట్టుకోండి. కనబడని పుస్తకాలను ఒకేసారి డిలీట్ చేసేటప్పుడు, కాపీలు మిగలకపోతే రికార్డు కూడా తీసేయమనే గడిలో టిక్ ఉంటే కేటలాగు ఎంట్రీ కూడా పోతుంది. తర్వాత పుస్తకం దొరికినా మొదటి నుంచి ఎక్కించాలి.

‘పోయింది’ అని గుర్తు పెట్టే ముందు పక్క వరుసలు వెతకండి. డ్యూయీ వర్గీకరణ నంబర్లలో తెలుగు సాహిత్యం 894.827, ఒడియా 891.456. లేబుల్ చెరిగి, లిపి రానివారు సర్దితే ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతుంది. అచ్చులో లేని తెలుగు పుస్తకం ఇక్కడ మళ్ళీ కొనాలన్నా దొరకదు, ఇంకో పూట వెతికినా తప్పులేదు.

ఇష్యూలో ఉన్నవాటిని మినహాయించే ఆప్షన్ పెట్టండి, లేదంటే అవీ గల్లంతు జాబితాలో చేరతాయి.

యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన పాత శీర్షికలు యూనికోడ్‌లోకి మార్చనిదే సెర్చ్‌లో రావు. ఒడియా ఆకృతి ఫాంట్లదీ అంతే.

వెయ్యి రూపాయలు దాటినవి, అరుదైనవి ముందు లెక్కించండి. కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు 2017, 215వ నియమం ప్రకారం అవి పోతే విచారణ తప్పదు. ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవచ్చన్న సడలింపు వాటికి పనికిరాదు.